పద్నాలుగో నంబరు వాచీ

నా కాలు ఒకచోట ఉండదు. ఎక్కడ కూర్చున్నా కుడి మోకాలు దానంతట అదే ఊగుతుంది. చిన్నప్పుడు మా అమ్మ "కాళ్ళూపితే ఇంట్లో లక్ష్మి నిలవదు" అని తొడ మీద ఒకటి వేసేది. ఇప్పుడు వేసేవాళ్ళు లేరు కాబట్టి అది తన ఇష్టానికి ఊగుతోంది. తమాషా ఏమిటంటే నా ఉద్యోగం మనుషుల ఒత్తిడి మీద పరిశోధన. దిగులు ఒంటిని ఏం చేస్తుంది, దిగులున్న మనిషి ఎలా తింటుంది, ఎలా పడుకుంటుంది, వేసుకోవాల్సిన మాత్రను ఎందుకు పక్కన పెడుతుంది, ఇవన్నీ అడిగి రాసుకోవడం నా పని. నిదానం గురించి నేను ఎక్కడైనా ఉపన్యాసం ఇచ్చి వచ్చిన రోజు మా ఆయన "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అంటాడు. ఆయన మాట నిజమే. ఆ సంగతి ఆయనకు చెప్పను.

మా ఆఫీసు మదనపల్లెలో ఒక మేడ మీద రెండు గదులు. పని మాత్రం అక్కడ కాదు. పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న ఒక పల్లెలో. ఇంటికి ఒకటో రెండో ఆవులున్న ఊరు. మగవాళ్ళు చాలామంది ఫ్యాక్టరీ పనులకూ జీతాల పనులకూ పోతారు. ఆవులూ పాలూ ఆడవాళ్ళ మీద పడ్డాయి. ఈ ఆడవాళ్ళ ఒత్తిడి ఎంత, నిద్ర ఎంత అని మేము చూడాలనుకున్నాం.

మొదట ప్రశ్నల కాగితాలతో పోయాను. "పోయిన నెలలో మీకు ఎన్నిసార్లు గాబరాగా అనిపించింది?" అని అడిగితే ఒకావిడ తీరిగ్గా ఆలోచించి, "మా ఎర్రావుకు రొండు తూర్లు అనిపించిందమ్మా, ఈనేటప్పుడు" అంది. నవ్వాలో రాసుకోవాలో తెలియలేదు. మీ సంగతి చెప్పండి అంటే మొగుడి నడుంనొప్పి చెబుతారు, కూతురి పరీక్షలు చెబుతారు. "మరి మీకు?" అని గుచ్చి అడిగితే, "నాకేమమ్మా, గుండ్రాయి మాదిరుండా" అంటారు. నాకు అసలే ఓపిక తక్కువ. నెల తిరిగేసరికి నా దగ్గర ఆవుల దిగుళ్ళు ఒక పుస్తకం నిండా ఉన్నాయి, మనుషులవి అరపేజీ కూడా లేవు.

అందుకని వాచీలు తెప్పించాను. చేతికి పెట్టుకుంటే ఎన్ని అడుగులు నడిచారో, ఎంతసేపు నిద్రపోయారో, గుండె ఎలా కొట్టుకుంటోందో ఏడు రోజులపాటు లెక్క కట్టి దాచుకునే రకం. మనిషి నోరు దాస్తుంది గానీ నాడి దాచదు కదా అని ఆఫీసులో అందరి ముందూ గొప్పగా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇరవై రెండు వాచీలు, అన్నీ ఒకే నలుపు. ఎవరిది ఏదో తెలిసేటట్టు నంబర్లు అంటించాలి. అక్కడ నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఆ ఊళ్ళో పాలకేంద్రం ఉంది. పాలు పోసే ప్రతి ఇంటికీ అక్కడ ఒక నంబరు. వాళ్ళు పేరు మరిచిపోయినా ఆ నంబరు మరిచిపోరు. "పదకొండు వచ్చినాదా? ఇరవై యాడ?" అని ఒకరినొకరు పిలుచుకుంటారు. అదే నంబరు వాచీకి కూడా అంటించేశాను. పాలకేంద్రంలో పద్నాలుగు అయితే వాచీ మీదా పద్నాలుగు. ఎవరూ తికమక పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాచీలు ఇచ్చే రోజు వాళ్ళందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. "మీ పేర్లు మేము ఎక్కడా రాయం. నంబరే ఉంటుంది. ఎవరికీ చెప్పం. ఒక్క పూట కూడా వాచీ తీయొద్దు. మధ్యలో ఆగితే నంబరు మొత్తం వేస్టయిపోతుంది." ఈ ఆఖరి మాట రెండుసార్లు, వేలు చూపించి మరీ చెప్పాను.

బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమె వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఊరంతా ఆమెను వంటమ్మ అంటారు. నేనూ అంతే. అరవై రెండో మూడో ఉంటాయి, సన్నగా, చేతులు మాత్రం బలంగా. ఆమెకు ఆవు లేదు, పాలకేంద్రం నంబరూ లేదు. "నాకూ ఒగటి కట్టుమా చేతికి" అంది. అరవై దాటినవాళ్ళను తీసుకోకూడదని మాకు నియమం. "ఈసారికి కాదు పెద్దమ్మా, ఇంకోసారి" అన్నాను. మరునాడు ఇంకో రెండుసార్లు అడిగింది, నవ్వుతూనే. వాచీ మోజు అనుకున్నాను. నేనూ నవ్వుతూనే కాదన్నాను.

ఎనిమిదో రోజు సాయంత్రం పాలకేంద్రం దగ్గరే వాచీలు వెనక్కి తీసుకున్నాను. క్యాన్లతో వరసలో వచ్చేవాళ్ళు బల్ల మీద వాచీ పెట్టి ముందుకు పోతున్నారు. నేను తల వంచుకుని నంబరు చూసి టిక్కు పెట్టుకుంటూ కూర్చున్నాను. పన్నెండు, టిక్కు. పద్నాలుగు, టిక్కు. పెట్టిన చేయి ఎవరిదో తల ఎత్తి చూడలేదు.

వెంటనే చూసి ఉండాల్సింది. చూడలేదు. ఆ వారమూ, తర్వాతి వారమూ నేనొక సదస్సు కోసం ఒత్తిడిని ఎలా గుర్తుపట్టాలి అన్న విషయం మీద బొమ్మలూ గీతలూ తయారుచేసుకుంటూ ఉన్నాను. వాచీలు నా బీరువాలో ఒక స్వీటు డబ్బాలో పదిహేను రోజులు పడి ఉన్నాయి.

పదహారో రోజు పొద్దున్నే ఒక్కొక్కటీ కంప్యూటరుకు తగిలించాను. అన్నీ ఒకే తీరు. తెల్లవారకముందే లేస్తారు, పగలంతా తిరుగుతారు, పడుకుంటే రాయి పడ్డట్టు పడుకుంటారు. పద్నాలుగు కూడా మొదటి రెండు రోజులు అంతే. మూడో రోజు నుంచి గీత పిచ్చెక్కినట్టుంది. పడుకున్న సమయంలో కూడా గుండె పరిగెత్తుతోంది, కాసేపు తడబడుతోంది, మళ్ళీ పరిగెత్తుతోంది. నిద్ర ముక్కలు ముక్కలు. వాచీ చెడిపోయిందేమోనని నా చేతికి కట్టుకుని చూశాను. వాచీ బాగానే ఉంది.

పద్నాలుగో నంబరు ఎవరో నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళ మనిషి, రెండు ఆవులు, భర్త ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. మూడో రోజున ఆమెకేదో జరిగింది అనుకున్నాను. మొగుడితో గొడవా? చెడ్డ కబురా? నిమిషాల్లో నేనే ఒక కథ అల్లేసుకున్నాను. మా చదువుతో వచ్చే జబ్బు ఇది, గీత కనపడితే చాలు, కింద కథ రాసేస్తాం. ఆమె ఇచ్చింది భర్త ఫోను నంబరు. మోగుతోంది, ఎత్తడం లేదు. కాలుగాలిన పిల్లిలా రెండు గదుల్లోనూ తిరిగాను. ఈ పదిహేను రోజుల్లో ఆ గుండె ఆగిపోయి ఉంటే? నా బీరువాలో స్వీటు డబ్బా ఉన్నంతసేపూ ఆమె బతికి ఉందో లేదో? టిఫిను కూడా తినకుండా పుంగనూరు బస్సెక్కాను, అక్కణ్ణుంచి ఆటో.

ఇల్లు తాళం వేసి ఉంది. కొట్టం ముందు ఆవులు రెండూ మేత మేసి నింపాదిగా నెమరేస్తున్నాయి. నా ఒంట్లో ఇంత కంగారు ఉంటే వాటి నింపాది చూసి కోపం వచ్చింది. పక్కనే బడి. వంటగది గుమ్మంలో వంటమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే చాట కింద పెట్టి లేచింది.

"ఎవురి కోసరం వస్తివిమా?"

"పద్నాలుగో నంబరు పెద్దమ్మా. ఇంట్లో లేరే?"

"కుప్పం పోయింది గదా. సెల్లెలికి కానుపు. అప్పుడు పోయింది ఇంకా రాలే."

గొంతు తగ్గించి, "ఏమన్నా కనపడినాదా దాంట్లో?" అని అడిగింది.

నాకు నియమాలు గుర్తొచ్చాయి. ఒకరి ఆరోగ్యం సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. "అది ఆమెతోనే చెప్పాల పెద్దమ్మా, వేరేవాళ్ళకు చెప్పకూడదు" అన్నాను, కాస్త కఠినంగానే. "అట్లనా" అంది. గుమ్మం దారబందం పట్టుకుని నిలబడింది. ఇంకా ఏదో అనబోయినట్టుంది. లోపల ఇంకో వంటామె గుడ్లు ఉడకబెడుతోంది, పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. నేను చెల్లెలి ఇల్లు కుప్పంలో ఎక్కడో అడిగి రాసుకుని, వచ్చిన ఆటోనే తిరిగి ఎక్కాను. వెనక్కి చూడలేదు.

పలమనేరు, వీకోట మీదుగా కుప్పం. బస్సు చెయ్యెత్తిన చోటల్లా ఆగింది. నా మోకాలు ఊగిన ఊపుకు ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. దారి పొడవునా ఆమెకు ఎలా చెప్పాలో మాటలు పేర్చుకున్నాను. భయపెట్టకూడదు, తేల్చేయనూ కూడదు. ఉద్యోగంలో చేరేవాళ్ళకు నేనే నేర్పుతాను ఈ మాటలు. నాకే ఒక్కటీ నిలవలేదు.

రైల్వేస్టేషను వెనక సందులో ఆ ఇల్లు దొరికేసరికి ఒంటిగంట దాటింది. పద్నాలుగో నంబరు మనిషి మెట్టు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పసిబిడ్డకు నూనె రాస్తోంది. ముందుకంటే ఒళ్ళు చేసింది కూడా. నన్ను చూసి నోరు తెరిచింది.

"మేడం! మీరేంది ఈడ?"

నేను నూనె అంటిన ఆమె చేయే పట్టుకుని నాడి చూశాను. గోడగడియారంలాగా నిమ్మళంగా కొట్టుకుంటోంది. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? గుండె దడగా ఉందా?" అన్నాను. "నాకేం దడ మేడం, బిడ్డ ఏడిస్తే లేస్తా, లేకుంటే లే" అని నవ్వింది. మూడో రోజు ఏం జరిగిందని అడిగాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"మూడో దినం పొద్దున్నే గదా నేను ఈడికొచ్చింది."

"మరి వాచీ?"

"వంటమ్మకిచ్చి వస్తి."

"యాల, ఎందుకు ఇచ్చినావమ్మా?" అన్నాను. కోపం వస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

"యాల అంటే? ఆవులు ఎవురు సూస్తారు? నేను ఊర్లో లేకుంటే నా నంబరు మీద ఆమే పాలు పోస్తాది. ఆమెకు కష్టమొస్తే నేను పోతా. వాచీ కూడా ఆ నంబరే గదా మేడం? నంబరు ఆగితే వేస్టయిపోతాదని మీరే రొండు తూర్లు సెప్తిరి. ఆగకుండా ఉండాలనే గదా ఇచ్చింది." తప్పు చేసిన ముఖం కాదు అది. మీ పని చెడకుండా కాపాడాను అన్న ముఖం.

ఆమె తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో నంబరంటే మనిషి కాదు, ఆగకూడని పని. అది తెలిసీ ఆ నంబర్లే తెచ్చి వాచీలకు అంటించింది నేను. అయితే నన్ను కదిలించింది అది కాదు. పొద్దున గుమ్మం పట్టుకుని నిలబడిన మనిషి. "ఏమన్నా కనపడినాదా దాంట్లో?" అని అడిగింది తన గురించి. వేరేవాళ్ళకు చెప్పకూడదని నేను జవాబిచ్చింది ఆమెకే.

వాళ్ళు అన్నం తినమన్నా వినకుండా మళ్ళీ బస్టాండుకు పరిగెత్తాను. ఆ తిరుగు ప్రయాణంలో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడానికి బాగుండవు. వంటమ్మకు ఫోను లేదు. ఉన్నా ఏం చెప్పను? మూడు గంటల బస్సు ప్రయాణంలో నేను చేయగలిగింది ఒక్కటే, కూర్చోవడం. అదే నాకు రాదు.

పల్లె చేరేసరికి సాయంత్రం పాల వేళయింది. పాలకేంద్రం ముందు వరస ఉంది. చివర్లో వంటమ్మ, రెండు క్యాన్లు చేతికి పట్టుకోలేక నేల మీద పెట్టుకుని, రెండడుగులు జరిపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ జరుపుతోంది. అన్ని నెలలు ఆ ఊరు తిరిగాను, ఆమె ఊపిరి ఎప్పుడూ వినలేదు. ఆ క్యాన్లు నేనే మోసుకుపోయి పద్నాలుగు మీద పోయించి, ఆమెను పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టాను.

"ఆ వాచీ మీరు పెట్టుకున్నారా పెద్దమ్మా?"

"కుప్పం పోయి కనుక్కొస్తివా?" అంది. కోపంగా కాదు, అలసిపోయి. "ఆరు నెలలాయె ఆయాసం. అన్నం గుండిగ దించితే కండ్లు తిరుగుతాండాయి. పడుకుంటే గుండెకాయ గొంతులో కొట్టుకుంటాది."

"ఎవరికీ చెప్పలేదా?"

"సెప్తే బడిలో ఉంచుతారా? పిల్లోళ్ళకు వండేదానికి జబ్బంటే ఎవురు ఒప్పుకుంటారు? ఆ పనిలో ఉండబట్టే గదా నా కొడుకు ముందర, కోడలి ముందర తలెత్తుకోనుండేది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పేరు రాయం అంటివి గదా, నంబరే అంటివి. అది ఇనే నన్నూ రాసుకోమంటి. నువ్వు వద్దంటివి. ఇంగ ఆ పిల్ల నా చేతికి కట్టి పాయె. మంచిదే అనుకొంటి. ఎవురో ఒగరు సూస్తారు గదా, సూస్తే వస్తారు గదా అనుకొంటి. వారమాయె. ఇంగో వారమాయె. ఏమీ లేదేమోలే, నాదంతా బ్రమ అనుకొంటి. పొద్దున నువ్వు వస్తివి. నా కోసరమే వచ్చినావనుకొంటి."

ఖాళీ క్యాన్లకు మూతలు పెట్టింది.

"నువ్వు ఆటో ఎక్కి పోతివి."

నేను ఏడ్చాను. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ, ఉద్యోగమూ హోదా అన్నీ మరిచి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. పరామర్శించాల్సింది ఎవరు, చేస్తున్నది ఎవరు అని ఆలోచించే తీరిక కూడా లేకపోయింది.

రేపు పొద్దున్నే మదనపల్లె ఆస్పత్రికి పోదాం అంటే ఆమె ఒకటే మాట మీద నిలబడింది, రేపు బడి ఉంది. హెడ్మాస్టరుతో నేను మాట్లాడతానన్నాను. అది మాత్రం వద్దని చేతులు పట్టుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగితే ఉన్నది ఊడుతుందేమో అన్న భయం ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? పాలకేంద్రం ఫోను నుంచి కుప్పానికి చేయించాను, వంటమ్మ ఒప్పుకున్నాకే. పద్నాలుగో నంబరు మనిషి అంతా విని, "మొదటి బస్సుకే వస్తాండా" అంది. "నాకు పని పడితే ఆమె నా పాలు పోసింది. ఆమెకు బాగయ్యేదాకా ఆమె గరిటె నేను పట్టుకుంటా. సొంతపని మీద పోయిందంటే సాలు, బడిలో ఎవురడుగుతారు?" అంది. ఏ అలవాటు నా పరిశోధనను పాడుచేసిందో అదే అలవాటు ఆ వంటగదిని కాపాడింది. నా దగ్గర ఆ ఇద్దరి మధ్య సంగతి కొలిచే వాచీ లేదు.

ముందే చెప్పేస్తాను, వంటమ్మ ఇప్పుడు బాగానే ఉంది. చివరిదాకా దాచిపెట్టి చెప్పడం నాకు చేతకాదు. గుండె లయ తప్పిందన్నారు. ఇలాగే వదిలేసి ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉండేదన్నారు. రోజూ మాత్రలు వేసుకుంటోంది, బరువైన గుండిగలు రెండో వంటామె దించుతోంది. నా పట్టికలో పద్నాలుగో వరస మొత్తం తీసేయాల్సి వచ్చింది. ఆ గుండె మేము నంబరిచ్చిన మనిషిది కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు. నియమం ప్రకారం అదే సరైనది. నా చేతులతో నేనే తీసేశాను.

కానీ నాకు పదేపదే గుర్తొచ్చేది ఆ మరునాటి పొద్దున. ఆస్పత్రిలో జనం. ఓపీ చీటీ నేను తెస్తానన్నా వినకుండా ఆమె ఆడవాళ్ళ వరసలో తనే నిలబడింది. నేను ఈసీజీ గది ఎక్కడో కనుక్కోవడానికీ, నీళ్ళ సీసా కొనడానికీ, ఊరికే అటూ ఇటూ తిరగడానికీ పోయి వచ్చాను. అప్పటికి ఆమె చీటీ లోపల ఇచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర, తలకు నూనె. నేను పక్కన కూర్చున్నాను. నా మోకాలు మొదలుపెట్టింది.

ఆమె చేయి తెచ్చి దాని మీద పెట్టింది. "ఊపగాకు. నా గుండె కంటే నీ కాలే బిరబిరా కొట్టుకుంటాండాది" అంది. నా కాలు ఆగింది. మా అమ్మ పోయాక అది ఎవరి చేతికీ ఆగలేదు.

లోపలి నుంచి నర్సు వరసగా పేర్లు పిలుస్తోంది. ఒకావిడ పోయింది, ఇంకొకావిడ పోయింది. మా వంతు ఎప్పుడొస్తుందా అని నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఒక పేరు పిలిచింది. చక్కటి పేరు, ఈ రోజుల్లో ఎవరూ పెట్టనిది. ఎవరూ పలకలేదు. నర్సు విసుగ్గా రెండోసారి పిలిచింది. ఎవరిదో ఈ పేరు, లేచి పోరాదా, మనకు ఆలస్యమవుతోంది అని నేను చుట్టూ చూశాను.

నా మోకాలి మీద నుంచి చేయి తీసి, వంటమ్మ లేచి లోపలికి పోయింది.